మంచు కరగకముందే పలకలు దించు

అమ్మా శ్రావణీ, ఆశీస్సులు.

న్యూ హాంప్‌షైర్ కొండవాగుల్లో మంచు కరిగి నీళ్లలో ఆమ్లత ఒక్కసారిగా పెరిగినప్పుడు రాళ్లమీది నాచు ఏమవుతుందో చూస్తానన్నావు, సంతోషం. అక్కడే హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1977లో నారిస్ బ్రూక్ అనే చిన్నవాగులో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతూ, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా పీహెచ్‌ను 4 దగ్గర ఉంచారు (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ). నాచు చావలేదు సరికదా, పెరిగింది. దెబ్బతిన్నవి పురుగులు. కాబట్టి ఆమ్లం పెరిగితే నాచు తగ్గి తీరుతుందని ముందే అనుకుని వాగులో దిగకు.

అయితే వాళ్లది నెలల తరబడి సాగిన ప్రయోగం, నీది నాలుగు రోజుల వ్యవహారం. అసలు చిక్కు వేరే ఉంది. మంచు కరిగితే పీహెచ్ పడిపోవడమే కాదు, వాగు ఉరవడీ పెరుగుతుంది. ఆ ఉరవడికి రాళ్లమీది నాచు కొట్టుకుపోతుంది. నువ్వు చూసి ఆమ్లం చంపేసిందని రాసేస్తావు! ఈ రెంటినీ విడదీయకపోతే నీ లెక్కలన్నీ దండగే. దగ్గర్లో అంతే ఉరవడి ఉండి, నీళ్లలో సున్నం ఎక్కువగా ఉండి పీహెచ్ పెద్దగా కదలని వాగు దొరికితే రెండుచోట్లా నాచు పట్టేందుకు పలకలు పెట్టు. దొరక్కపోతే గట్టున తొట్టికాలువలు కట్టి, ఒకే వేగంతో నీళ్లు పారిస్తూ, సగం కాలువల్లో మాత్రం ఆమ్లం కలుపు. నన్నడిగితే రెండోదే మేలు, ఖర్చయినా సరే.

పలకలు మాత్రం మంచు కరగడానికి వారాల ముందే నీళ్లలో ఉండాలి. కొత్త పలకమీద నాచు ఇంకా పట్టుకుంటూనే ఉంటుంది, దాని మార్పు నిన్ను తప్పుదారి పట్టిస్తుంది.

డయాటమ్‌ల దగ్గర మరీ జాగ్రత్త, అవి సిలికా పెంకున్న ఒంటికణపు నాచు. అవి చచ్చినా సిలికా పెంకులు రాతిమీదే ఉండిపోతాయి. ఆమ్లంలో ఉడికించి శుభ్రం చేసిన స్లైడు చూస్తే నిన్న చచ్చినదీ ఇవాళ బతికున్నదీ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకని ఉడికించక ముందే కొంత పచ్చి నమూనా తీసి, లోపల రంగు నిండుగా ఉన్నవెన్నో లెక్కపెట్టు. యునోషియా వంటి ఆమ్లప్రియ డయాటమ్‌ల వాటా పెరిగిందని గంతులేయకు, పక్కవి కొట్టుకుపోయినా వాటా పెరుగుతుంది. చదరపు సెంటీమీటరుకు ఎన్ని ఉన్నాయో రాయి. నాలుగు రోజుల్లో జాతులు మారకపోవచ్చు. కిరణజన్య సంయోగక్రియ మాత్రం గంటల్లోనే మారొచ్చు, వెలుగు సీసా, చీకటి సీసా పెట్టి ఆక్సిజన్ కొలిస్తే అది తెలుస్తుంది.

ఆ వాగుల్లో లవణాలు బాగా తక్కువ. పీహెచ్ మీటరు అంకె నిలకడకు రావడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టు. ఎంత కిందికి పడిందో ఒక్కటే రాస్తే చాలదు, అక్కడ ఎన్ని గంటలు ఉందో కూడా రాయి. ఆ గంటలు రాత్రిపూట కూడా రావచ్చు, కనుక దానంతట అదే రాసుకునే మీటరు అడిగి తెచ్చుకో.

మీ పెద్దనాన్న