మతాబుల సంచి ముందు కూర్చున్న జూలీ

ప్రశ్న: మా ఆయన సైన్యంలో డాగ్ హ్యాండ్లర్‌గా పనిచేసి రిటైరయ్యారు. కశ్మీర్‌లో ఆయనతో కలిసి మందుపాతరలు వెతికిన లాబ్రడార్ జూలీని, దాని సర్వీసు కూడా అయిపోయాక, దరఖాస్తు పెట్టుకుని కిందటి వేసవిలో ఇంటికి తెచ్చుకున్నారు. దానికి తొమ్మిదేళ్లు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఆయన దగ్గర పసిపిల్లలా ఉంటుంది. కానీ కుక్కర్ విజిల్ వేస్తే మంచం కింద దూరి వణుకుతుంది. రాత్రి రెండింటికి లేచి ప్రహరీ చుట్టూ తిరుగుతుంది. ఆయనా లేచి దాని వెనకే తిరుగుతారు. దీపావళి ముందురోజు ఆయన ఊళ్లో లేరు. పిల్లలు తెచ్చుకున్న మతాబుల సంచి ముందు జూలీ కూర్చుని గంటసేపు కదల్లేదు. మా చిన్నాడు సంచి తీయబోతే గుర్రుమంది. అప్పటినుంచి మా అత్తగారు "దానికి పిచ్చి పట్టింది, ఎక్కడైనా వదిలేసి రండి" అంటున్నారు. బాధపడతారని ఆయనకు ఇదేమీ చెప్పలేదు. నాకూ అదంటే ప్రేమే, పిల్లల విషయంలోనే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ మతాబుల సంచి దగ్గర ఆగిపోయాను. జూలీకి పిచ్చి పట్టలేదు. ఆ రోజు అది డ్యూటీ చేసింది.

మతాబుల్లో ఉండేది సూరేకారం, గంధకం. అలాంటి మందు వాసన పట్టడమే జూలీ ఇన్నేళ్లూ చేసిన పని. మన సైన్యం కుక్కలకు మీరట్‌లోని ఆర్‌వీసీ (సైన్యంలోని పశువైద్య విభాగం) సెంటర్లో శిక్షణ ఇస్తారు. పేలుడు మందు వాసన తగిలితే మొరగకూడదు, గోకకూడదు. కాలు తగిలితే అక్కడే ప్రాణం పోతుంది కదా. అందుకే మెల్లగా కూర్చుని కదలకుండా ఉండమని నేర్పుతారు. హ్యాండ్లర్ వచ్చి చూస్తాడు, శభాష్ అని బంతి ఇస్తాడు. ఆ బంతే దాని జీతం. జూలీ గంటసేపు కూర్చుంటే ఎవరూ రాలేదు. పైగా పసివాడు ఆ సంచి మీదే చెయ్యి వేశాడు! ముందు ఈ సంగతి మీ ఆయనకు చెప్పండి. ఆయనకు క్షణంలో అర్థమవుతుంది.

గుర్రుమన్నందుకు దాన్ని తిట్టకండి, కొట్టకండి. అది కరవకుండా నోటితో చెప్పింది. గుర్రుమంటే దెబ్బలు పడతాయని నేర్చుకున్న కుక్క రేపు చెప్పకుండానే కరుస్తుంది. అలాగని పిల్లల్ని, జూలీని పెద్దవాళ్లు లేకుండా ఒకచోట వదలొద్దు. నిద్రపోతున్నప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి, లేచి అదే రావాలి. ఏటా రేబిస్ టీకా వేయించి, ఆ కార్డు అత్తగారికి చూపించండి.

కుక్కర్ భయం వేరే సంగతి. అమెరికా సైన్యంతో ఇరాక్, అఫ్గానిస్తాన్ వెళ్లొచ్చిన కుక్కల్లో ఇదే చూశారు. 2011 నాటికి యుద్ధరంగంలో ఉన్న సుమారు 650 కుక్కల్లో నూటికి అయిదుకు పైగా ఇలా దెబ్బతిన్నాయని ఒక అంచనా. కొన్ని ప్రతి శబ్దానికీ ఉలిక్కిపడేవి, కొన్ని మనిషిని వదలకుండా అంటుకుపోయేవి, కొన్ని ఇష్టంగా చేసే పనినే మానేసేవి. మనుషులకు యుద్ధం తర్వాత వచ్చే జబ్బు పేరే దానికీ పెట్టారు.

మందుల కంటే ముందు గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లి తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీయించండి. ఈ వయసు లాబ్రడార్‌కి కీళ్ల నొప్పి మామూలే, నొప్పి ఉన్న కుక్కకు శబ్దాల భయం ఎక్కువవుతుంది. రాత్రి తిరగడానికి అదీ ఒక కారణం కావచ్చు. టైల్స్ మీద కాలు జారుతుంటే గోనెపట్టాలు పరవండి. పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష కూడా అడగండి, మన ప్రాంతంలో అది ఎక్కువ. భయం తగ్గే మందు అవసరమైతే డాక్టరే రాస్తారు. మనం వేసుకునే మాత్ర సగం విరిచి పెట్టొద్దు.

కుక్కర్ విజిల్‌ని ఫోన్‌లో రికార్డు చేయండి. వినీవినపడనంత సన్నగా పెట్టి, అది మోగినప్పుడల్లా ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పెట్టండి. చెవులు వెనక్కి వాల్చిందంటే శబ్దం ఎక్కువైనట్టే, తగ్గించండి. కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు అన్నం గిన్నెలో వార్చుకోండి.

ఇంకొకటి. రాజమండ్రిలో పనిచేసేటప్పుడు రిటైరైన ఒక పోలీసు జాగిలాన్ని నా దగ్గరికి తెచ్చారు. తిండి మానేసి గోడకేసి చూస్తూ పడుకునేది. దాన్ని పెంచుకుంటున్న కానిస్టేబుల్ రోజూ పొద్దున్నే గడ్డివాములో బంతి దాచి వెతికించడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా గిన్నె ఖాళీ చేసింది. ముక్కుతో బతికిన జీవిని ఊరికే కూర్చోబెడితే దిగులు పడుతుంది. ఆ దాగుడుమూతల ఆట మీ పిల్లలతో ఆడించండి, మీ ఆయన పక్కనే ఉండాలి. ఆయన వాడే మాటలే అందరూ వాడాలి. అత్తగారు "రామ్మా" అంటే దానికి తెలియదు. ఆ మాటేమిటో ఆవిడకు నేర్పి, ఆవిడ చేత్తోనే ముక్క పెట్టించండి.

రాత్రి రెండింటికి మీ ఆయన కూడా లేస్తున్నారని రాశారు. ఆయన నిద్ర గురించీ అడగండమ్మా. మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో చూపించుకోవచ్చు. మాట్లాడాలనిపిస్తే మనసు బాధలు చెప్పుకునే ఫోన్ లైన్ టెలిమానస్ (నంబరు 14416) ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం కాదు.

వదిలేసి రమ్మన్న మాట మాత్రం ఆయన చెవిన పడనీయకండి. పని అయిపోయిన కుక్కల్ని సైన్యం ప్రాణం తీసి పంపేదన్న సంగతి 2015లో సమాచార హక్కు కింద బయటికొచ్చింది. ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రోజుల్ని ఆయన చూసే ఉంటారు. అందుకే దరఖాస్తు పెట్టి మరీ తెచ్చుకున్నారని నాకనిపిస్తోంది.

వచ్చే దీపావళికి రెండు రోజుల ముందే డాక్టర్ని కలిసి, ఆ రాత్రికి జూలీని, మీ ఆయనను చేలో మకానికి పంపండి. మతాబులు ఇంట్లోకి తేవద్దు. అయినా జూలీ ఎప్పుడైనా ఏ సంచి ముందైనా అలా కూర్చుంటే మీరు లాగకండి. ఆయనను పిలవండి. ఆయన వచ్చి, చూసి, శభాష్ అని బంతి ఇవ్వాలి.