పోలీసుల మీద కేసులు వాదిస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం. లాయరై, పోలీసులో సైన్యమో జనాన్ని హింసించిన కేసులే వాదిస్తానంటోంది. ఆన్‌లైన్‌లో మానవ హక్కుల డిప్లొమా ఉందని ఫీజుకు డబ్బడుగుతోంది. మేము బీఈడీ చేయిద్దామనుకున్నాం. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇది అన్నం పెట్టే పనేనా? – ఒక తండ్రి

జవాబు: ముందు ఆ డిప్లొమా ఫీజు కట్టకండి. మన దేశంలో మానవ హక్కుల లాయరని విడిగా లైసెన్సేమీ లేదు. ఎల్‌ఎల్‌బీ చదవాలి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి, ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సుకు ఏపీ లాసెట్ రాయాలి. నెల్లూరు వీఆర్ లా కాలేజీలో సీటొస్తే కావలి నుంచి రైల్లో వెళ్లి రావచ్చు. చదువు సంగతి ఇంతే.

అసలు చెప్పాల్సింది ఆ పని ఎలా ఉంటుందన్నది. 2020 జూలైలో మాస్కు లేదని పోలీసులు పట్టుకున్న చీరాల దళిత యువకుడు ఆసుపత్రిలో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు, కొట్టి చంపారని ఇంట్లోవాళ్లన్నారు. ఇలాంటప్పుడు నిజం తేల్చేది ఉపన్యాసాలు కాదు. గాయాలను డాక్టర్ ఎలా రాశాడు, అరెస్టు మెమోలో ఏ టైం వేశారు, స్టేషన్ కెమెరాలో ఏముంది, వీటి మీదే కేసు నిలుస్తుంది. కస్టడీలో మనిషి చనిపోతే పోలీసు దర్యాప్తుతో పాటు మెజిస్ట్రేటు విచారణ కూడా జరగాలని చట్టం. అది ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 196వ సెక్షన్. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అది చెరిగిపోకముందే కావాలని రాతపూర్వకంగా అడిగేవాళ్లు ఉండాలి కదా. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలన్నా ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. ఇంట్లో శవం ఉండగా ఈ తేదీలు ఎవరికి గుర్తుంటాయి? గుర్తుపెట్టుకునే మనిషే లాయరు.

మొదట్లోనే దర్యాప్తు దారి తప్పితే తర్వాత ఎంత పోరాడినా సరిపోదనడానికి విశాఖ మన్యంలోని వాకపల్లి ఉంది. 2007 ఆగస్టులో మావోయిస్టుల గాలింపు కోసం పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టి, బాధితులకు పరిహారం మాత్రం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్లు! మీ అమ్మాయి ఈ కేసు మొదటినుంచి చివరిదాకా చదవాలి. చదివాక కూడా ఇదే చేస్తానంటే ఇక మీరు అడ్డు చెప్పకండి.

సైన్యం మాటంటారా, అది ఇంకా కష్టం. సాయుధ బలగాలపై ఫిర్యాదు వస్తే జాతీయ కమిషన్ తనంతట తాను విచారణ చేయలేదు, కేంద్రాన్ని నివేదిక అడగాలి. ఆ దారి మూసుకున్నా మణిపూర్ బాధిత కుటుంబాలు, సైన్యం, పోలీసులు అన్యాయంగా చంపారంటున్న 1,528 మంది జాబితా పట్టుకుని సుప్రీంకోర్టుకెళ్లాయి. ప్రభుత్వం కల్లోలిత ప్రాంతమని ప్రకటించినంత మాత్రాన సైన్యానికి పూర్తి రక్షణ ఉండదని 2016లో కోర్టు చెప్పింది, మరుసటేడు కొన్ని కేసుల్లో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అక్కడ కూడా కేసును నిలబెట్టింది ఓపిగ్గా రాసి పెట్టుకున్న ఆ జాబితానే.

ఇక సంపాదన. మొదటి రెండు మూడేళ్లు సీనియర్ ఇచ్చేది బస్సు చార్జీలకే సరిపోవచ్చు, ఇది దాచి లాభం లేదు. పైగా కస్టడీ కేసులతోనే ఇల్లు నడవదు, ఎవరికీ నడవదు. బెయిళ్లు, యాక్సిడెంట్ క్లెయిములు, ఆస్తి తగాదాలు చూసుకుంటూనే ఇవీ చేస్తారు. అదే మంచిది కూడా. రోజూ ట్రయల్ కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ చేయని లాయరు, పెద్ద కేసులో ఒక ఎస్సైని బోనులో నిలబెట్టి ఏం అడుగుతాడు? పేద నిందితుల తరఫున వాదించడానికి న్యాయ సేవాధికార సంస్థ పెట్టిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్‌లో అసిస్టెంటుగా చేరితే నెలనెలా గౌరవ వేతనం వస్తుంది. మరో దారి జడ్జి పరీక్ష. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది, కాబట్టి ఆ కష్టకాలం వృథా పోదు. అరెస్టయినవాణ్ణి 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందుకు తేవాలి. ‘నిన్ను కొట్టారా?’ అని అక్కడ సూటిగా అడిగే మెజిస్ట్రేటు చేసే మేలు పది పిటిషన్లు చేయలేవు. మీ అమ్మాయి ఈ కుర్చీ గురించి ఆలోచించినట్టు లేదు, చెప్పండి.

భయం సంగతి. భయం లేదని నేననను. ఫోన్లొస్తాయి, ఊళ్లో పెద్దమనుషులతో చెప్పిస్తారు, ఒక్కోసారి ఎదురు కేసు పెడతారు. అందుకే ఈ పని ఒంటరిగా చేయకూడదు. పేరున్న క్రిమినల్ సీనియర్ దగ్గర చేరాలి, ఊళ్లకు విచారణకు వెళ్తే బృందంగానే వెళ్లాలి. మానవ హక్కుల వేదిక వాళ్ల నిజనిర్ధారణ బృందాలు అలాగే వెళ్తాయి. అన్నట్టు, ఆ వేదికలో ముఖ్యుడిగా ఉండిన దివంగత బాలగోపాల్ కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి, లాయరైంది తర్వాతే. బీఏ చదివినమ్మాయికి ఇది తగదని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పండి.

ఇప్పటికి ఒక పని చేయించండి. పరీక్షలయ్యాక కొన్నాళ్లు రోజూ కావలి కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోమనండి, పారాలీగల్ వలంటీరుగా చేరడానికి మండల న్యాయ సేవా కమిటీలో అడగమనండి. విసుగొచ్చి ఇంటికొస్తే బీఈడీ ఎక్కడికీ పోదు. విసుగు రాకపోతే లాసెట్‌కు కట్టండి. డిప్లొమాకు ఇవ్వాలనుకున్న డబ్బు విడిగా దాచండి, జూనియర్‌గా చేరిన మొదటి ఏడాది నెల్లూరులో గది అద్దెకు అక్కరకొస్తుంది.