టెక్ సందేహాలు: ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ పేరు మారిందా? ముందు ర్యామ్ చూడండి

కాలేజీలు తెరిచాక నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఒకే సంగతి అడుగుతాయి: "ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ ఉందన్నారు, ఉన్నట్టా లేనట్టా?" ఈసారి వాటికే జవాబులు రాస్తున్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నదాన్ని సరిగ్గా వాడుకుంటే చాలామందికి ఆ అవసరం కూడా రాదు.

మా అమ్మాయి బీఆర్క్ మొదటి సంవత్సరం. ఇంట్లో ఐ5-1135జీ7 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. కొన్నప్పుడు ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అని చెప్పారు. ఇప్పుడు డివైజ్ మేనేజర్‌లో చూస్తే యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని ఉంది. ఇంకోచోట డెడికేటెడ్ 128 ఎంబీ, టోటల్ 4 జీబీ అని కనిపిస్తోంది. ఆటోక్యాడ్‌లో త్రీడీ బొమ్మ తిప్పితే ఆగి ఆగి కదులుతోంది. మమ్మల్ని మోసం చేశారా? (ఒక తండ్రి, కూకట్‌పల్లి)

మోసం కాదండి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఆ చిప్పే. దాని పేరు వెనక ఒక షరతు ఉంది, దాన్ని షాపుల్లో ఎవరూ చెప్పరు. ర్యామ్ రెండు ఛానెళ్లలో (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారుల్లో) నడుస్తుంటేనే ఐరిస్ ఎక్స్ఈ అన్న పేరు వాడాలని ఇంటెల్ నియమం. ఒకే ఛానెల్ ఉంటే అదే చిప్, బొమ్మల లెక్కలు చేసే అవే 80 ఎగ్జిక్యూషన్ యూనిట్లు, కానీ విండోస్‌లో యూహెచ్‌డీ అనే కనిపిస్తుంది. మీకు ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్ వేసి ఇచ్చి ఉంటారు.

ఈ షరతు ఊరికే పెట్టింది కాదు. విడి గ్రాఫిక్స్ కార్డుకి సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్ లోపల ఉండే గ్రాఫిక్స్‌కి అది ఉండదు. విండోస్ వాడుకునే ర్యామ్‌నే అదీ వాడుకోవాలి. మీకు కనిపించిన 4 జీబీ అంటే, అవసరమైతే ర్యామ్‌లో సగం దాకా గ్రాఫిక్స్ తీసుకోవచ్చని విండోస్ ఇచ్చిన అనుమతి మాత్రమే. అది విడిగా ఎక్కడో ఉన్న మెమరీ కాదు. 128 ఎంబీ కూడా అదే ర్యామ్‌లోంచి పక్కన పెట్టిన చిన్న భాగం. కాబట్టి ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ విషయంలో "ఎన్ని జీబీలు" అన్న లెక్క చూసి ఆశపడొద్దు, కంగారూ పడొద్దు. చూడాల్సింది బ్యాండ్‌విడ్త్: ర్యామ్ నుంచి గ్రాఫిక్స్‌కి సెకనుకి ఎంత డేటా అందుతోందన్నది.

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. గుండిగ నిండా సాంబారు ఉంటుంది. బంతి మొత్తానికి వడ్డించేది ఒక్క మనిషే అయితే, చివరి విస్తరి దగ్గరికి వచ్చేసరికి అక్కడ కూర్చున్నవాళ్ల అన్నం చల్లారిపోతుంది. 4 జీబీ అన్నది గుండిగ సైజు. మీ అమ్మాయికి ఇబ్బంది వడ్డన దగ్గర వస్తోంది.

లెక్క తేలికే. డీడీఆర్4-3200 ర్యామ్ సెకనుకి 3200 మిలియన్ సార్లు, సారికి 8 బైట్లు పంపుతుంది. గుణిస్తే సెకనుకి 25.6 జీబీ. రెండో స్టిక్ వేస్తే రెండో ఛానెల్ తెరుచుకుని 51.2 జీబీ అవుతుంది. ఆటోడెస్క్ కంపెనీ ఇటీవలి ఆటోక్యాడ్ వెర్షన్లకు గ్రాఫిక్స్ బ్యాండ్‌విడ్త్ కనీసం సెకనుకి 29 జీబీ ఉండాలంటుంది, సిఫార్సు చేసేది 106 జీబీ. మీ ల్యాప్‌టాప్ ఇప్పుడు ఆ కనీసానికి కూడా కాస్త కింద ఉంది. పైగా ఆ 25.6 నుంచే ప్రాసెసర్ కూడా తన వాటా తీసుకుంటుంది. బొమ్మ ఆగి ఆగి తిరగడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకక్కర్లేదు.

కొనే ముందు ఒకటి చూసుకోండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. కింద స్పీడు, స్లాట్స్ యూజ్డ్, ఫామ్ ఫ్యాక్టర్ అని మూడు వివరాలు కనిపిస్తాయి. స్లాట్స్ దగ్గర 1 ఆఫ్ 2, ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ (విడిగా దూర్చే స్టిక్) అని ఉంటే అదృష్టం, ఇంకో స్టిక్ పడుతుంది. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారని అర్థం. అలాంటి వాటిలో కూడా కొన్నింటికి పక్కన ఒక ఖాళీ స్లాట్ ఉంటుంది కాబట్టి మోడల్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో అడగండి. వారంటీ ఇంకా ఉంటే మూత విప్పడానికి ముందే అడగడం తప్పనిసరి.

కిందటి వేసవిలో మా చెల్లెలి కొడుకు ల్యాప్‌టాప్‌కి ఇదే పని చేయించాను. వాడిదీ ఇదే ప్రాసెసర్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. కౌంటర్ దగ్గర కుర్రాడు ఛార్జర్ తీసేసి, స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, ఏ మూలది ఆ మూలన ఉండేలా ఓ కాగితం మీద పేర్చుకున్నాడు. మూత లేపాక మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. ఆ తర్వాతే ర్యామ్ ముట్టుకున్నాడు. కొత్త స్టిక్‌ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టిక్కుమన్నాయి. ఆన్ చేసి డివైజ్ మేనేజర్ చూస్తే పేరు ఐరిస్ ఎక్స్ఈ అయిపోయింది. మావాడు అక్కడే నిలబడి తన స్కెచప్ ఫైల్ తెరిచి ఇంటి మోడల్‌ని గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. మీ అమ్మాయి కూడా అలా తిప్పి చూసుకోవాలని నా కోరిక.

కొత్త స్టిక్ కూడా 8 జీబీ, డీడీఆర్4-3200 అయ్యేట్టు చూసుకోండి. రెండూ సమానంగా ఉంటే రెండు ఛానెళ్లూ పూర్తిగా పనిచేస్తాయి. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. రెండు మూడేళ్లు పోయాక అమ్మాయి ఫొటోలా కనిపించే రెండర్లు చెయ్యాల్సి వస్తే దీంతో కుదరదు, విడి కార్డు కావాల్సిందే. అప్పుడు ఇదే కొలత పట్టుకుని వెళ్లండి: జీడీడీఆర్5 మెమరీ ఉన్న జీటీఎక్స్ 1650 లాంటి పాత కార్డుకే బ్యాండ్‌విడ్త్ సెకనుకి 128 జీబీ. ఈలోగా ఆ ఖర్చు వద్దు.

ఒక ల్యాప్‌టాప్‌కి 96 ఈయూ అని రాశారు. ఇంకోదానికి 12 సీయూ అని ఉంది. 96 పెద్దది కదా, అదే తీసుకోనా? (డిగ్రీ విద్యార్థి, ఉప్పల్)

ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. కిలోల్నీ బస్తాల్నీ పోల్చినట్టు అవుతుంది. ఇంటెల్ ఎగ్జిక్యూషన్ యూనిట్ (ఈయూ) ఒక్కోదానిలో లెక్కలు చేసే చిన్న విభాగాలు 8 ఉంటాయి. ఏఎండీ కంప్యూట్ యూనిట్ (సీయూ) ఒక్కోదానిలో 64. ఇప్పుడు గుణించండి: 96ని 8తో గుణిస్తే 768. 12ని 64తో గుణిస్తే కూడా 768. రెండింటిలోనూ పనివాళ్ల సంఖ్య ఒకటే!

తేడా వేగంలో ఉంది. మీరు రాసిన మొదటిది ఐ7-1165జీ7. అందులో గ్రాఫిక్స్ గరిష్ఠ వేగం 1.3 గిగాహెర్ట్జ్. రెండోది రైజెన్ 7 6800హెచ్, అందులోని రేడియాన్ 680ఎం వేగం 2.2 గిగాహెర్ట్జ్. ఒక్కో విభాగం ఒక్కో దెబ్బకి రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి 768ని 2తో, తర్వాత వేగంతో గుణిస్తే మొదటిదానికి దాదాపు 2 టెరాఫ్లాప్స్ (టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు), రెండోదానికి 3.4 దాకా వస్తుంది. కాగితం మీదే అంత తేడా ఉంది. గేములు మీకు ముఖ్యమైతే రెండోదే తీసుకోండి.

కాకపోతే రెండు విషయాలు గట్టిగా అడగండి. ఒకటి, ర్యామ్ రెండు ఛానెళ్లలో ఉందా? డీడీఆర్5-4800 అయితే రెండు ఛానెళ్లకి సెకనుకి 76.8 జీబీ వస్తుంది, ఒక్క స్టిక్ పెట్టి ఇస్తే సగం అక్కడే పోయినట్టు. రెండోది వాట్లు. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్, ప్రాసెసర్ ఒకే కరెంటు పంచుకుంటాయి. ఒకే చిప్‌ని ఒక కంపెనీ సన్నటి మోడల్‌లో 15 వాట్లకి బిగిస్తుంది, ఇంకో కంపెనీ మంచి ఫ్యాన్ పెట్టి 28 వాట్ల దాకా వదులుతుంది. స్పెసిఫికేషన్ల కాగితంలో రెండింటికీ ఒకే పేరు ఉంటుంది. పావుగంట గేమ్ ఆడేసరికి ఏది ఏమిటో తెలుస్తుంది. షాపులో డెమో పీస్ ఉంటే మొహమాటపడకుండా ఆ పావుగంట అడగండి. డబ్బు మీది.

ఐ5-12400ఎఫ్ తో పీసీ అసెంబుల్ చేయించాను. గ్రాఫిక్స్ ఇన్‌బిల్ట్ అన్నారు. హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకి పెడితే స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు. (దిల్‌సుఖ్‌నగర్)

చివర ఉన్న ఎఫ్ అక్షరమే కారణం. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. మదర్‌బోర్డుకి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. బిల్లు తీసుకుని వెంటనే వెళ్లి ఎఫ్ లేని 12400కి మార్చమని అడగండి, అందులో యూహెచ్‌డీ 730 ఉంటుంది. మార్చకపోతే చిన్న విడి కార్డు వెయ్యడమే దారి. ఏఎండీలో పేర్ల పద్ధతి వేరు: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీ లో ఉంది.

గేమ్‌కి 2 జీబీ వీడియో మెమరీ కావాలంటోంది. బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాంలో) పెంచుకోవచ్చని ఎవరో చెప్పారు. పెంచనా? (ఇంటర్ విద్యార్థి, మల్కాజిగిరి)

నీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ అని రాశావు. అందులోంచి 2 జీబీ గ్రాఫిక్స్‌కి రాసిచ్చేస్తే విండోస్‌కి మిగిలేది 6. గేమ్ నడుస్తున్నప్పుడు కావాల్సినంత మెమరీని గ్రాఫిక్స్ ఎలాగూ తీసుకుంటుంది కాబట్టి దీనివల్ల వేగం పెరగదు. కొన్ని గేములు మొదలయ్యే ముందే ఆ అంకె చూసి వెనక్కి తిప్పి పంపేస్తాయి. నీ గేమ్ అలాంటిదైతేనే పెంచు. చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ఆ ఆప్షన్ ఉండనే ఉండదు. లేకపోతే ఇంటర్నెట్‌లో దొరికే మార్చిన బయోస్ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకు. మధ్యలో కరెంటు పోయిందంటే బోర్డే పోతుంది.

కొత్త 4కే మానిటర్ కొని పాత ల్యాప్‌టాప్‌కి పెట్టాను. మౌస్ కదిపితే బాణం గుర్తు వెనకబడి వస్తోంది. గ్రాఫిక్స్ బలం చాలట్లేదా? (ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని, మెహిదీపట్నం)

బలం కాదండి, మీ హెచ్‌డీఎంఐ పోర్టు పాతది. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేలో సెకనుకి 30 ఫ్రేములే పంపగలదు. 60 రావాలంటే 2.0 ఉండాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడండి. 30 దగ్గర ఆగిపోయి ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి, పాత కేబుల్ వల్ల కూడా ఇలా అవుతుంది. అప్పటికీ మారకపోతే, మీ ల్యాప్‌టాప్ టైప్-సి పోర్టు డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ ఇస్తుందేమో మాన్యువల్‌లో వెతకండి. ఇస్తే సి నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఒకటి కొంటే సరిపోతుంది. రెండూ కుదరకపోతే మానిటర్‌ని 2560 బై 1440 రిజల్యూషన్‌లో పెట్టుకుంటే 60 వస్తుంది. అక్షరాలు కాస్త మెత్తబడతాయి, మౌస్ టెన్షన్ మాత్రం పోతుంది.

మాది వరంగల్. అమీర్‌పేట హాస్టల్లో ఉండి యానిమేషన్ నేర్చుకుంటున్నాను. అన్నయ్య తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు, ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్. డీఎక్స్‌డయాగ్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 అని ఉంది. అయినా బ్లెండర్ కొత్త వెర్షన్ తెరుచుకోవట్లేదు. కొత్తది కొనే పరిస్థితి లేదు.

డీఎక్స్‌డయాగ్ అంటే విండోస్‌తో వచ్చే పరీక్ష టూల్. దాని మొదటి పేజీలో కనిపించేది విండోస్‌లో ఉన్న డైరెక్ట్‌ఎక్స్ (గేములు గ్రాఫిక్స్‌తో మాట్లాడే పద్ధతి) వెర్షన్. నీ గ్రాఫిక్స్‌కి ఎంత వచ్చో తెలియాలంటే పక్కనున్న డిస్‌ప్లే ట్యాబ్‌లో ఫీచర్ లెవెల్స్ చూడాలి. అక్కడ నీకు 11_0 దగ్గర ఆగిపోయి ఉంటుంది. పైగా హెచ్‌డీ 4000కి డైరెక్ట్‌ఎక్స్ 12 డ్రైవర్ లేదు, డైరెక్ట్‌ఎక్స్ 12 అడిగే గేములు అందుకే నడవవు.

బ్లెండర్ మాత్రం చూసేది ఓపెన్‌జీఎల్, అలాంటిదే ఇంకో పద్ధతి. విండోస్‌లో హెచ్‌డీ 4000కి వచ్చే ఓపెన్‌జీఎల్ 4.0. బ్లెండర్ 4.0 నుంచి కనీసం ఓపెన్‌జీఎల్ 4.3 కావాలని మార్చారు. నీ డ్రైవర్లో తప్పేం లేదు, కాబట్టి డ్రైవర్ అప్‌డేట్ చేస్తామని డబ్బులడిగేవాళ్లకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

2023లో వచ్చిన బ్లెండర్ 3.6కి ఓపెన్‌జీఎల్ 3.3 చాలు. బ్లెండర్ సొంత వెబ్‌సైట్‌లోనే పాత వెర్షన్లన్నీ ఉచితంగా ఉంటాయి, అక్కడి నుంచే దింపుకో. మోడలింగ్, రిగ్గింగ్, కీఫ్రేములు నేర్చుకోవడానికి 3.6లో లోటేమీ లేదు. రెండర్ మాత్రం రాత్రి పెట్టి పడుకోవాల్సిందే, ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త వెర్షన్ ఉంటే అక్కడ సేవ్ చేసిన ఫైల్‌ని ఇంట్లో పాతదాంట్లో తెరిస్తే కొన్ని సెట్టింగులు పోవచ్చు. అందుకని ముందు నీ 3.6లోనే ఫైల్ మొదలుపెట్టి, ఒక కాపీ విడిగా దాచుకుని, రెండో కాపీని క్లాసుకి తీసుకెళ్లు.