837 దగ్గర మాట ఎందుకు బొంగురుపోతోంది?

ప్రశ్న: మాది ఒంగోలుకు దగ్గరలోని పల్లెటూరు. ఎనభై ఏళ్ల మా నాన్నగారికి మీడియం వేవ్‌లో విజయవాడ, కడప కేంద్రాలు వినడం అలవాటు. పాత రేడియో మూలపడిందని అమెరికాలో ఉన్న మా తమ్ముడు అంకెలు కనిపించే చిన్న డిజిటల్ రేడియో తెచ్చి ఇచ్చాడు. అందులో 900 దగ్గర కడప చక్కగానే పలుకుతోంది గానీ, విజయవాడకు కావలసిన 837 అసలు రావడం లేదు. 830 తర్వాత ఒక్కసారిగా 840కి దూకుతోంది, అక్కడ మాట బొంగురుగా, ముద్దముద్దగా వినిపిస్తోంది. దీన్ని పక్కన పెట్టి మరొకటి కొందామంటే బజారులో బ్లూటూత్, పెన్‌డ్రైవ్ పెట్టుకునే రేడియోలూ ఉన్నాయి, ముల్లు తిరిగే పాతకాలపు పద్ధతివీ ఉన్నాయి. స్టేషన్ బాగా అందడానికి, మాట ఇంపుగా వినిపించడానికి ఏది మేలు?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ తమ్ముడుగారు తెచ్చిన రేడియో చెడిపోలేదు, అది అమెరికా లెక్కలో నడుస్తోంది. ఆ దేశంలో మీడియం వేవ్ స్టేషన్లను పదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో అమర్చారు, మన దేశంలో 531 నుంచి 1602 వరకు తొమ్మిదేసి ఎడంతో అమర్చారు. 900 అనే అంకె తొమ్మిదో ఎక్కంలోనూ పదో ఎక్కంలోనూ పడుతుంది కాబట్టి కడప సరిగ్గా చిక్కింది. 837 తొమ్మిదో ఎక్కంలో మాత్రమే పడుతుంది. 840 దగ్గర నిలిపినప్పుడు మీరు అసలు స్టేషన్‌కు మూడు కిలోహెర్ట్జ్ పక్కన నిలబడి వింటున్నారు, ఒకవైపు ధ్వని తెగిపోయి మాట బొంగురుపోవడానికి కారణం అదే. టెక్సన్ పీఎల్-380 వంటి రేడియోల్లో ఈ ఎడాన్ని 9కి గానీ 10కి గానీ మార్చుకునే వీలుంది. మీ రేడియోలో అది ఉందో లేదో వెంట వచ్చిన చిన్న పుస్తకంలో చూడండి. ఉంటే మీ సమస్య అరనిమిషంలో తీరుతుంది. అమెరికా అమ్మకాల కోసమే చేసిన కొన్నింటిలో ఆ వీలు ఉండదు. అటువంటి రేడియోతో మన దగ్గరి మీడియం వేవ్ స్టేషన్లన్నీ సరిగ్గా వినాలనుకోవడం వృథా ప్రయాస.

ఇక ఏది మేలన్న మాటకు వస్తే, ధరనూ అంకెల తెరనూ పక్కన పెట్టి, లోపలి ఫెర్రైట్ కడ్డీ ఎంత పొడవుందో ముందు అడగాలి. బయటికి లాగే స్టీలు ఏరియల్ ఎఫ్ఎం, షార్ట్ వేవ్‌లకే పనికివస్తుంది. మీడియం వేవ్ తరంగాన్ని పట్టేది డబ్బా లోపల, సన్నని రాగి తీగ చుట్టిన ఆ నల్లటి కడ్డీయే. ఈమధ్య నేను రెండు రేడియోలను వెనుక మూత తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. దీపాలు మిణుకుమిణుకుమనే బ్లూటూత్ రకంలో కడ్డీ నా చిటికెన వేలంత కూడా లేదు, పైగా దాన్ని స్పీకరు అయస్కాంతానికి ఆనించి జిగురుతో అతికించారు. ముల్లు తిరిగే రేడియోలో అది డబ్బా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. రెంటినీ ఒకే కిటికీలో పెట్టి పగటిపూట వింటే, మొదటిదానిలో గరగర మధ్య ఎవరో మాట్లాడుతున్నట్టు మాత్రమే తెలిసింది, రెండవదానిలో వార్తలు చదివేవారి ఊపిరి కూడా వినిపించింది. అటువంటి బ్లూటూత్ రేడియోల మీద మీడియం వేవ్ అని అచ్చువేసి ఉన్నా అది పేరుకే అనుకోండి, పాటలు పెట్టుకోవడానికి మాత్రం అవి బాగానే ఉంటాయి.

డిజిటల్ రేడియోలను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. పీఎల్-380లో స్టేషన్‌కు ఎంత వెడల్పు తెరవాలో 1, 2, 3, 4, 6 కిలోహెర్ట్జ్‌లలో ఎంచుకోవచ్చు. బలమైన స్టేషన్‌కు 6 పెట్టుకుంటే స, శ వంటి అక్షరాలు తేటగా పలుకుతాయి, పక్క స్టేషన్ చొరబడుతుంటే 3కో 2కో కుదించుకోవచ్చు. 1కి దించితే మాత్రం దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుంటుంది. చిక్కంతా ఏమిటంటే, ఇటువంటి డిజిటల్ చిప్పులతో నడిచే చాలా రేడియోలు స్టేషన్ బలహీనపడగానే గరగర వినిపించకూడదని శబ్దాన్ని తామే తగ్గించేస్తాయి. గరగర మధ్య నుంచి మాటను ఏరుకోవడం అలవాటైన పెద్దవారికి ఇది స్టేషన్ పారిపోయినట్టు అనిపిస్తుంది. చేతిలో ఇమిడే డబ్బాలో స్పీకరు కూడా చిన్నదే కనుక గొంతులో నిండుదనం రాదు. అమెరికాలో మీడియం వేవ్ ప్రియులు ఇప్పటికీ వెతికి కొనుక్కునే జీఈ సూపర్ రేడియోలో ఆరున్నర అంగుళాల స్పీకరు, ఆరు పెద్ద సెల్లులు ఉండేవి. దాని పేరుప్రతిష్ఠలకు స్టేషన్లు లాగే శక్తి ఎంత కారణమో ఆ పెద్ద డబ్బా ఇచ్చే గంభీరమైన ధ్వనీ అంతే కారణం.

కాబట్టి నాన్నగారి కోసం నా ఓటు ముల్లు తిరిగే రేడియోకే, అందులోనూ కాస్త పెద్ద డబ్బా, అరచేయంత స్పీకరు ఉన్నదానికి. అందులో ఎక్కాల తగాదా లేదు, ముల్లు 837 దగ్గర కూడా ఆగుతుంది. కంటిచూపు తగ్గినా చక్రం తిప్పుతూ చెవితోనే స్టేషన్‌ను పట్టుకోవచ్చు. దుకాణంలోని ట్యూబులైట్ల కింద కాక, సెల్లులు వేయించి బయట అరుగు మీదికి తెచ్చి పరీక్షించండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.

కొన్న తర్వాత దాన్ని ఎటు తిప్పి పెట్టాలన్నది కూడా ముఖ్యమే. కడ్డీ చివర స్టేషన్ వైపు చూస్తుంటే ధ్వని సన్నగిల్లుతుంది, కడ్డీ అడ్డంగా ఉంటే నిండుగా అందుతుంది. చాలా రేడియోల్లో కడ్డీ డబ్బా పొడవునే ఉంటుంది. మీ ఊరికి విజయవాడ ఈశాన్యాన, కడప నైరుతిన ఉన్నాయి, అంటే రెండూ సుమారుగా ఒకే గీత మీద పడతాయి. రేడియో ముఖాన్ని ఈశాన్యానికి తిప్పి పెడితే (ఇది వాస్తు కోసం చెబుతున్నది కాదు) రెండు కేంద్రాలూ కదపకుండానే అందుతాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాము. 738లో హైదరాబాద్ కేంద్రం పెడితే మాట వెనుక ఎడతెగని గుయ్యిమనే శబ్దం వస్తోంది. ఖరీదైన రేడియో కొంటే ఇది పోతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పోదండీ, ఖరీదైన రేడియో ఆ గుయ్యిమనే శబ్దాన్ని కూడా మరింత శ్రద్ధగా వినిపిస్తుంది. ముందుగా రేడియోను సెల్లుల మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసి చూడండి. శబ్దం ఆగిపోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్చే వేస్తూ వెళితే ఫోను చార్జరో, ఎల్ఈడీ బల్బో, ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరో, వైఫై డబ్బా అడాప్టరో పట్టుబడుతుంది. రేడియోను అడాప్టరు మీద నడుపుతుంటే మొదటి అనుమానం దాని మీదే పెట్టుకోండి.

మెయిన్ ఆపినా శబ్దం ఆగకపోతే అది పొరుగు ఫ్లాట్లదో, మెట్ల దగ్గరి దీపాలదో అయి ఉంటుంది. ఇనుపచువ్వల కాంక్రీటు గోడల మధ్య స్టేషన్ తరంగం ఎలాగూ బలహీనపడుతుంది కాబట్టి రేడియోను కిటికీలోకో బాల్కనీలోకో మార్చి, మెల్లగా తిప్పుతూ వినండి. స్టేషన్ గట్టిగా పలికే దిక్కు కోసం కాక, గుయ్యిమనే శబ్దం చచ్చిపడే దిక్కు కోసం తిప్పండి, ఎందుకంటే ఆ దిక్కు చాలా ఇరుకుగా ఉండి వేగంగా తిప్పితే దాటిపోతుంది. అది దొరికిన చోట కిటికీ గట్టు మీద సుద్దతో ఒక గీత గీసి పెట్టుకోండి, రేడియోను కదిపినప్పుడల్లా మళ్లీ వెతుక్కోవలసిన పని ఉండదు.