సేవా సంస్థల దగ్గర ఫీజు తీసుకుంటే తప్పా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. పిల్లల చదువు కోసం పనిచేసే ఒక సంస్థలో చాలా ఏళ్లుగా విరాళాల సేకరణ చూస్తున్నాను. ఉద్యోగం మానేసి, చిన్న సంస్థల్లో ఇదే పని చేసేవారికి సొంతంగా సలహాలు, శిక్షణ ఇవ్వాలని ఉంది. మావారు ‘జీతం వదులుకుని, సేవ చేసేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేస్తావా?’ అంటున్నారు. ఇంటి అప్పు ఉంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. గాజువాకలోని ఒక సంస్థవారు, తెచ్చిన విరాళాల్లో పది శాతం ఇస్తామన్నారు. అది చెబితే మావారు మెత్తబడతారేమో. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. మీ వారి కోసమైనా సరే.

ఆయన మాటలో భయం, నింద రెండూ కలిసి ఉన్నాయి. భయం న్యాయమైనదే. నింద మాత్రం కాదు. కానీ అది మీ మనసులోనూ నాటుకున్నట్టుంది, ముందు దాన్ని తీసేయండి. సంస్థ లెక్కలు చూసే ఆడిటరుకు ఫీజు ఇస్తారు, పిల్లల్ని దించే డ్రైవరుకు జీతం ఇస్తారు. మీ పని వాటికి తీసిపోయిందా? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విశాఖలో రిఫైనరీ ఉంది, పరవాడలో మందుల కంపెనీలున్నాయి. అయినా మురికివాడలో బడి నడిపే సంస్థ ఆ గుమ్మం దాకా వెళ్లలేకపోతోంది. సంస్థకూ దాతలకూ ఆదాయపన్ను మినహాయింపు కోసం 12ఏ, 80జీ అని పిలిచే నమోదులు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అందుకోవడానికి సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి, ప్రతిపాదన రాయాలి, ఖర్చు లెక్క చెప్పాలి. ఇవన్నీ వార్డెన్ పని కూడా తానే చూసుకునే మనిషికి ఎవరు నేర్పుతారు? మీరు నేర్పగలరు. దానికి ఫీజు అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కమీషన్ సంగతి వేరు. దాత ఇచ్చే వంద రూపాయలూ పిల్లలకే అనుకుంటాడు. అందులో పది మీకు వెళ్లాయని తెలిసిన రోజున సంస్థ మీద నమ్మకం పోతుంది. పైగా వాటా కోసం పనిచేస్తే, త్వరగా డబ్బిచ్చే దాత వెనకే పరుగు తీస్తారు, ఏళ్ల తరబడి నిలిచే దాతను వదిలేస్తారు. విరాళాల సేకరణ వృత్తివారి అంతర్జాతీయ సంఘమైన ఏఎఫ్‌పీ నీతి నియమావళి కూడా శాతం లెక్కన ప్రతిఫలాన్ని ఒప్పుకోదు. ఏ పని, ఎన్ని నెలలు, ఎంత ఫీజు అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. కొంత అడ్వాన్సు తీసుకోండి. బకాయిలు పడతాయి, అది ఖాయం. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదని ఆ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ చెబుతోంది, అందుకే అవి తీసుకునే సంస్థల చేతిలో ఇలాంటి ఫీజులకు మిగిలేది తక్కువ.

ఇక భయం. దాన్ని మాటలతో తీర్చలేరు. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని ఇంటి వాయిదా, సరుకులు, అత్తమామల మందులు ఉంటే అవి, అమ్మాయి కాలేజీ ఫీజు అన్నీ రాయండి. ఆరు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో పడేదాకా రాజీనామా ఇవ్వనని మీరే చెప్పండి. అమ్మాయికి కౌన్సెలింగ్ ముగిసి, సీటు, ఫీజు తేలేదాకా ఆగడం మంచిది. ఏ నెల వరకు చూద్దాం, అప్పటికి ఎంత రాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి అన్నది కూడా ఆయన ముందే నిర్ణయించుకోండి. ఆయన అడుగుతున్నది ఈ హద్దే అని నాకు అనిపిస్తోంది.

మీ సంస్థ పెద్దలకు ఈ సంగతి ఇతరుల నోట తెలియనివ్వకండి, మీరే ఎదురుగా కూర్చుని చెప్పండి. దాతల జాబితాలోని ఒక్క నంబరు కూడా వెంట తీసుకెళ్లకండి. వారంలో రెండు మూడు రోజులు అక్కడే పనిచేసే వీలుందేమో అడగండి.

గాజువాకవారికి ఈ వారమే ఫోను చేసి, శాతం వద్దు, నెలకు ఇంత ఇస్తే మీ మనిషికి పని నేర్పుతానని చెప్పండి. కాదంటే ఆ పని వదిలేయండి.