కవచ్ ట్రైనింగ్‌కి వెళ్తున్న మేనల్లుడికి

ఆమదాలవలస

చిన్నా,

బళ్లు గుద్దుకోకుండా చూసే కవచ్ పరికరం ట్రైనింగ్‌కి నీ పేరు వచ్చిందని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. "ఇంక బండి దానంతట అదే ఆగిపోద్దట అన్నయ్యా, ఈడికి టెన్షన్ ఉండదట" అని ఒకటే సంబరం. నేనేమీ అనలేదు. దాని సంతోషం ఎందుకు చెడగొట్టాలి? నీకు మాత్రం చెప్పాల్సినవి ఉన్నాయి. ఫోన్లో అయితే ఊ కొట్టి ఊరుకుంటావు, అందుకే రాస్తున్నాను.

ముందు విజిలెన్స్ బటన్ సంగతి, అది నీకు రోజూ ఉండేదే కదా. డ్రైవర్ ఒక నిమిషం పాటు ఏ హ్యాండిలూ కదపకపోతే లైటు వెలుగుతుంది, అప్పటికీ బటన్ నొక్కకపోతే బజర్ మోగుతుంది, ఆపైన బ్రేకు పడుతుంది. కునుకు తీసేవాణ్ణి లేపడానికి పెట్టారు. నిద్రలో కూడా బటన్ నొక్కొచ్చని పెట్టినవాళ్లు అనుకొని ఉండరు. నేను నొక్కాను. వరసగా మూడో రాత్రి డ్యూటీ, రాయగడ నుంచి గూడ్స్ తెస్తున్నాను. బొబ్బిలి దాటాం. అసిస్టెంట్ "డబుల్ ఎల్లో" అన్నాడు, ముందు సిగ్నల్‌కి జాగ్రత్తగా ఉండమనే రెండు పసుపు లైట్లు. నేను దాన్ని తిరిగి పలకాలి, పలకలేదు. కళ్లు తెరిచే ఉన్నాయట, చెయ్యి బటన్ మీదే ఉంది, లైటు వెలిగినప్పుడల్లా నొక్కుతూనే ఉన్నానట. మళ్లీ అరిచి, భుజం పట్టి కుదిపాడు. అప్పుడు తెలివొచ్చింది. ఎన్ని కిలోమీటర్లు అలా వచ్చానో ఇప్పటికీ తెలీదు. మిషను లెక్కలో నేను ఆ రాత్రంతా మెలకువగానే ఉన్నాను.

ఆ కుర్రాడి స్థానంలో రేపు నువ్వు ఉంటావు. నువ్వు సిగ్నల్ పలికాక డ్రైవర్ తిరిగి పలకకపోతే, ఎంత సీనియర్ అయినా సరే, మొహమాటపడకు. వెంటనే కుదుపు. తిడితే తిట్టనీ.

మంచులో వాడే జీపీఎస్ డబ్బా ఇంకో రకం. ముందు ఏ సిగ్నల్ వస్తోందో, ఎంత దూరంలో ఉందో గొంతుతో చెబుతుంది. మా రోజుల్లో ఆ పని పటాకా చేసేది. సిగ్నల్‌కి ముందు పట్టా మీద పెడితే చక్రం ఎక్కగానే ఢామ్మని పేలేది, మేం స్పీడు తగ్గించుకునేవాళ్లం. డబ్బా వచ్చాక ప్రాణం హాయిగా ఉంది, కాదనను. కానీ అది సిగ్నల్ ఎక్కడుందో చెబుతుంది గాని ఏ రంగులో ఉందో చెప్పదు. పైగా అందులో ఎక్కించిందే అది చెప్పగలదు. ఒకసారి కొత్త లైను పనుల్లో సిగ్నల్‌ని కాస్త ఇవతలికి జరిపారు, డబ్బాలో మాత్రం పాత చోటే ఉంది. "ఇంకా దూరం ఉంది" అని అది చెబుతుంటే సిగ్నల్ నా పక్కనుంచే వెళ్లిపోయింది. ఆకుపచ్చ కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిన్ను అరకు లైన్లో డ్యూటీకి వేస్తే ఇంకా జాగ్రత్త. అక్కడున్న 58 సొరంగాల్లో శాటిలైట్ ఎక్కడ అందుతుంది?

ఇక కవచ్. ఇది వీటన్నిటి కంటే పై మెట్టే. స్లీపర్ల మీద బిగించిన ట్యాగులు బండి ఎక్కడుందో చెబుతాయి, స్టేషన్‌లోని పెట్టె రేడియోలో సిగ్నల్ సంగతి పంపుతుంది, అదంతా నీ ముందున్న స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఎర్ర సిగ్నల్ దాటబోతే తనే బ్రేకు వేస్తుంది. స్పీడు మించితే ముందు అలారం, తర్వాత బ్రేకు. గేటు దగ్గరకొస్తే హారన్ కూడా తనే కొడుతుంది. మొదట దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్లలో, 144 ఇంజన్లలో పెట్టారు. 2024 జూలైలో 4.0 వెర్షన్‌కి ఆమోదం వచ్చింది. రావడం ఆలస్యమైందనే నా బాధ. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి దగ్గర ముందు వెళ్తున్న పలాస ప్యాసింజర్‌ని రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దింది. 14 మంది పోయారు. అప్పటికి ఆ లైన్లో కవచ్ లేదు. రెండు బళ్లలోనూ మనూళ్లవాళ్లే. పేపర్లో డ్రైవర్ మీద ఏవేవో రాశారు. చదవలేక మడిచి పెట్టేశాను.

కాబట్టి కవచ్ బ్రేకు వేస్తే పరువు పోయిందనుకోకు. కొందరు పాతవాళ్లు, నా బ్యాచ్ వాళ్లే, "నా చేతిలో బండి దీనికెందుకు" అని గొణుగుతారు. విను, నవ్వు, ఊరుకో. ఐసోలేట్ చెయ్యాల్సి వస్తే, అంటే కవచ్‌ని పక్కన పెట్టి నడపాల్సి వస్తే, ఎందుకు, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది అక్కడే రాయించు. ఆ క్షణం నుంచి పాత కాలం బండి నడుపుతున్నట్టే ఉండాలి. ఆటోమేటిక్ సెక్షన్లో, అంటే బళ్లు కదిలేకొద్దీ సిగ్నళ్లు వాటంతట అవే మారే చోట, ఎర్ర సిగ్నల్ దగ్గర పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, నెమ్మదిగా కదలాలి. ఆ రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో చూస్తావు. వాచీ చూసుకునే ఆగు.

స్క్రీన్ బాగుంటుంది, కళ్లు దాని మీదే నిలబడిపోతాయి. కవచ్‌కి తెలిసింది సిగ్నలూ, స్పీడూ, ఎదురు బండీ. పట్టా మీద పడ్డ చెట్టు దానికి తెలీదు. పార్వతీపురం వైపు ఏనుగులు దిగుతున్నాయని నీకూ తెలుసు కదా, వాటి సంగతీ దానికి తెలీదు. అద్దంలోంచి చూడాల్సింది నువ్వే.

క్లాసులో సిగ్గుపడకుండా అడుగు. ముఖ్యంగా రేడియో తెగిపోతే ఏమవుతుంది, స్టేషన్ పెట్టె ఆగిపోతే స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది అని అడుగు. అంతా బాగున్నప్పుడు ఎలా పనిచేస్తుందో ఎవడైనా చెబుతాడు.

ట్రైనింగ్ అయ్యాక మొదటి ట్రిప్పు ఎలా సాగిందో ఫోన్ చేసి చెప్పు. డ్యూటీ దిగి సైన్ ఆఫ్ చేసి, స్నానం చేసి, పడుకుని లేచాక చెయ్యి. ఇంజన్లోంచి చేస్తే మాత్రం ఎత్తను.

మీ మావయ్య