శనక్కాయ రైతు నిర్ణయాల మీద పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు?

అడిగింది: అనంతపురంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ఇన్నిసార్లు దెబ్బతిన్నా మావాళ్లు మళ్లీ శనక్కాయే ఎందుకు వేస్తారో పీహెచ్‌డీలో తేల్చాలని ఉంది. ఇలాంటి రిస్క్ పరిశోధనకు నిధులు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: అమెరికా మీద ఆశ పెట్టుకోకండి. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 'డెసిషన్, రిస్క్ అండ్ మేనేజ్‌మెంట్ సైన్సెస్' పేరుతో రిస్క్, నిర్ణయాల పరిశోధనకే ఒక కార్యక్రమం నడిపింది. పీహెచ్‌డీ పిల్లల ఫీల్డ్‌వర్క్‌కూ ఇచ్చింది. అయితే దరఖాస్తు వెళ్లాల్సింది అక్కడి యూనివర్సిటీ పేరు మీద. మీకు అందేది ఐసీఎస్‌ఎస్‌ఆర్, అంటే సాంఘిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే మన కేంద్ర సంస్థ. సైకాలజీ గైడ్ దొరికితే డీఎస్‌టీ (కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ) వాళ్ల కాగ్నిటివ్ సైన్స్, అంటే మనసు ఆలోచించే తీరు మీది పథకం చూడండి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, మీ తిండీ గదీ గడిచిపోతాయి. ఊళ్లో ఆడించే ఆటకు మాత్రం వేరే డబ్బు కావాలి.

ఆట అంటే ఇది. 1980లో అచ్చయిన పరిశోధనలో ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ మన దేశపు పల్లెల్లో రైతుల ముందు నిజం డబ్బే పెట్టాడు. ఊరికే 50 రూపాయలు తీసుకుంటావా, బిళ్ళ ఎగరేసి ఒక వైపు పడితే 200, ఇంకో వైపు పడితే సున్నా తీసుకుంటావా, మధ్యలో ఇంకొన్ని రకాలు. ఆ రోజుల్లో పల్లెలో 50 అంటే చిన్న మొత్తం కాదు. నోటిమాటగా అడిగితే అందరూ ధైర్యస్థులే కదా, అందుకే డబ్బు పెట్టాలి.

నా మొదటి బడ్జెట్‌లో అమాయకంగా 'గెలుపు సొమ్ము' అని రాశాను. మా సంస్థ అకౌంట్స్ ఆయన కళ్లజోడు తీసి, "జూదానికి గ్రాంటా? బిల్లేదీ?" అన్నాడు. ఆ విడత డబ్బు నా జేబులోంచే పోయింది. రెండోసారి 'సర్వేలో పాల్గొన్నవారికి పారితోషికం' అని రాసి, మనిషికి ఇంతకు మించదని గీత గీసి, వేలిముద్రల రిజిస్టరు, ఎథిక్స్ కమిటీ లెటరు జతచేశాను. మారుమాట లేకుండా పాసైంది.

అసలు పాఠం కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊళ్లో, రచ్చకట్ట మీద నేర్చుకున్నాను. ఖాయంగా 100, లేదా బొమ్మ పడితే 250. ఒక పెద్దాయన బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం కొత్తాటప్పా, మేం ఏటా ఆడేదే గదా. బిళ్ళకు బదులు మోడం (మబ్బు), అంతే" అని 100 తీసుకున్నాడు. మొదటి ఆరుగురూ అంతే. ఏడో మనిషికి బొమ్మ పడింది. 250 లెక్కపెట్టి చేతిలో పెట్టానో లేదో, ఆ ఆరుగురూ మళ్లీ లైన్లోకొచ్చారు! అంటే అప్పటిదాకా నేను కొలిచింది రిస్క్‌ను కాదు, నా మీద వాళ్లకున్న అపనమ్మకాన్ని. ఆరు కాగితాలూ చింపేశాను.

మన జిల్లాలోనే ఇంతకుముందు ఇది బయటపడింది. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాన బీమా అమ్మినప్పుడు ఆర్థికవేత్తలు గినే, టౌన్‌సెండ్, వికరీ సర్వే చేశారు; 2008లో అచ్చయింది. రిస్క్‌కు భయపడేవాడే బీమా కొనాలి కదా? భయస్తులే తక్కువ కొన్నారు. తెలియని బీమా కూడా వాళ్లకు ఇంకో జూదమే. 2013లో వచ్చిన మరో పరిశోధనలో, ఊరు నమ్మే ఏజెంటు వెంట ఉండి మాట సాయం చేస్తే కొన్నవాళ్లు పెరిగారు.

కాబట్టి ప్రపోజల్‌లో 'రైతుల రిస్క్ ప్రవృత్తి అధ్యయనం' అని రాయకండి, నాది మొదటిసారి తిరిగొచ్చింది ఆ వాక్యంతోనే. ఏ ఎంపికను, ఎన్ని రూపాయలతో, ఎవరి సమక్షంలో కొలుస్తారో రాయండి. ముందుగా ఆడించి చూసే పైలట్‌కు ఒక ఊరు అదనంగా అడగండి. ఆట జూన్‌కు ముందే ముగించండి. విత్తనం పదును పడ్డాక మీకోసం రచ్చకట్ట మీద ఎవరూ కూర్చోరు.